ముందు ఎవరు వచ్చారు? నియాండర్తల్ మనుషుల తిండి గురించి జంతువుల ఎముకలు చెప్పే సంగతులు

మాస్టారూ, మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఒక పాత పుస్తకంలో నియాండర్తల్ మనుషులు సింహాలూ తోడేళ్ళూ తిని వదిలేసిన మాంసం ఏరుకుని బతికారని చదివారు. ఈమధ్య ఒక వార్తలో వాళ్ళే ఏనుగుల్ని వేటాడారని ఉంది. రెండు మాటలకూ ఆధారం జంతువుల ఎముకలే అన్నారు. మీ తొమ్మిదో తరగతి పిల్లలు "ఎముక చూసి ఇదంతా ఎలా చెప్తారు సార్" అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు.

తవ్వకాల్లో దొరికిన జంతువుల ఎముకలను గుర్తించి, లెక్కపెట్టి, వాటి మీది గాట్లు చూసే పనిలో నేను ముప్ఫై ఏళ్ళు ఉన్నాను. నా పనంతా దక్కన్‌లోని కొత్తరాతియుగపు ఊళ్ళ మీద. మన దేశంలో నియాండర్తల్ ఎముక ఇంతవరకు దొరకలేదు కాబట్టి వాళ్ళ ఎముకలను నేను స్వయంగా తవ్వింది లేదు. అయినా ఈ వృత్తిలో ఉన్న ఎవరైనా నియాండర్తల్ చర్చను చదవక తప్పదు. మేం ఈరోజు వాడే పద్ధతుల్లో చాలా భాగం ఆ గొడవలోంచే పుట్టాయి. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

పిల్లలకు ముందు ఈ రెండు మాటలు చెప్పండి. నియాండర్తల్‌లు సుమారు 4 లక్షల ఏళ్ళ క్రితం నుంచి 40 వేల ఏళ్ళ క్రితం వరకు యూరప్‌లోను, పశ్చిమాసియాలోను, సైబీరియా అంచు వరకు బతికిన మనుషులు. 1856లో జర్మనీలోని నియాండర్ లోయలో దొరికిన ఎముకల వల్ల ఆ పేరు వచ్చింది. వాళ్ళు మాంసం తిన్నారా లేదా అన్నది ఎప్పుడూ ప్రశ్న కాదు. వాళ్ళ గుహల్లో జంతువుల ఎముకలు వేలకు వేలు ఉన్నాయి. అసలు ప్రశ్న ఏమిటంటే, చచ్చిన జంతువు దగ్గరికి ముందు ఎవరు వచ్చారు?

ఇది మాంసం కొట్టుకు వెళ్ళే ఎవరికైనా తెలిసిన లెక్కే. పొద్దున్నే వెళ్ళినవాడికి తొడ, జబ్బ దొరుకుతాయి. ఆలస్యంగా వెళ్తే తలకాయ, కాళ్ళు మిగులుతాయి. అడవిలోనూ అంతే. సింహం జింకను పడగొడితే ముందు పొట్టలోని మెత్తటి భాగాలు, తొడల కండ తింటుంది. తర్వాత దుమ్ములగొండి వస్తుంది. దాని పేరులోనే దుమ్ములున్నాయి, అంటే ఎముకలు. మెత్తటి ఎముక కొసలను అది నమిలి మింగేస్తుంది. ఆఖరున వచ్చినవాడికి మిగిలేది పుర్రెలోని మెదడు, గిట్టల దగ్గరి ఎముకల్లో కాస్త మూలుగ. కాబట్టి ఒక గుహలో తలల, కాళ్ళ ఎముకలే ఎక్కువగా ఉంటే అక్కడి మనుషులు ఆలస్యంగా వచ్చినవాళ్ళని, తొడ, జబ్బ ఎముకలు కూడా ఉంటే ముందు వచ్చినవాళ్ళని అనుకోవచ్చు.

మీ పాత పుస్తకంలోని మాట ఈ తర్కం నుంచే వచ్చింది. లూయిస్ బిన్‌ఫర్డ్ అనే అమెరికన్ పురావస్తు శాస్త్రవేత్త అలాస్కాలో నునమియుట్ వేటగాళ్ళతో కలిసి తిరిగి, వాళ్ళు కరిబూ జింకను ఎలా కోస్తారో, ఏ ముక్క ఎక్కడ పారేస్తారో, కుక్కలు వేటిని నమిలేస్తాయో ఎంతో ఓపికగా రాసుకున్నాడు. 1978లో అది పుస్తకంగా వచ్చింది. ఆ అనుభవంతో ఆయన 1980లలో పాత గుహల ఎముకల లెక్కలు చూశాడు. చాలా చోట్ల పెద్ద జంతువులవి తలలూ కాళ్ళే ఎక్కువగా కనిపించాయి. అందుకని నియాండర్తల్ కాలపు మనుషులు పెద్ద జంతువులను పద్ధతిగా వేటాడలేదని, దొరికింది ఏరుకున్నారని వాదించాడు. ఆయన అడిగిన ప్రశ్న సరైనదే. అంతకుముందు గుహలో ఎముక దొరికితే చాలు, మనిషే వేటాడి తెచ్చాడని రాసేవాళ్ళు. "నీకెలా తెలుసు" అని నిలదీసింది ఆయన.

కానీ లెక్కలోనే లోపం ఉంది. ఈ భాగం పిల్లలకు తప్పకుండా చెప్పండి, ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

తొడ ఎముకకు రెండు కొసలు, మధ్యలో గొట్టం ఉంటాయి. ఏ జంతువుదో గుర్తుపట్టడం కొసలతో సులువు. కొసలు మెత్తన, లోపల స్పాంజిలా ఉండి జిడ్డు నిండి ఉంటాయి, అందుకే దుమ్ములగొండి ముందు వాటినే తినేస్తుంది. గొట్టం గట్టిది. మనుషులు మూలుగ కోసం దాన్ని పగలగొడతారు కాబట్టి ముక్కలై మిగులుతుంది. ఆ ముక్కలు చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. దాంతో పాత తవ్వకాల్లో చాలామంది వాటిని అక్కడే పారేశారు, లేదా ఉంచినా లెక్కలోకి తీసుకోలేదు. తొడ ఎముక కొసలు జంతువుల పొట్టలోకి పోయాయి, గొట్టాలు తవ్వినవాళ్ళ చెత్తకుప్పలోకి పోయాయి. ఇక మిగిలింది తలలు, పళ్ళు, కాళ్ళే. అంటే ఆ లెక్క నియాండర్తల్‌లు ఏం తెచ్చుకున్నారో చెప్పలేదు, మనం ఏం దాచుకున్నామో చెప్పింది.

దీన్ని తేల్చిన పనుల్లో ఒకటి ఇరాన్‌లోని జాగ్రోస్ కొండల్లో కోబే గుహది. అక్కడ తవ్విన ఎముకల్లో గొట్టం ముక్కలను కూడా దాచి ఉంచారు. కర్టిస్ మారియన్, ఆయన సహచరురాలు ఆ ముక్కలను ఓపికగా అతికించి, గుర్తించి, లెక్కలో కలిపి 1998లో ప్రచురించారు. కొసలు మాత్రమే లెక్కపెడితే తలలూ కాళ్ళూ ఎక్కువగా ఉన్నట్టు కనిపించింది. గొట్టం ముక్కలు కలపగానే ఆ బొమ్మ మారిపోయింది. అడవి గొర్రెల, మేకల తొడలు, జబ్బలు గుహలోకి నిండుగా వచ్చాయి. వాటి గొట్టం మధ్య భాగంలోనే, అంటే దట్టమైన కండ ఉండే చోటే, రాతికత్తి గాట్లు ఉన్నాయి. సింహం తిని వదిలేసిన తొడ మీద అక్కడ కండ మిగలదు. కండ లేనిచోట మనిషి కత్తి పెట్టడు.

నా విషయానికి వస్తే, ఉద్యోగంలో చేరిన మొదటి మూడేళ్ళు నేనూ గొట్టం ముక్కలను "గుర్తుపట్టలేనివి" అని చీటీ రాసిన సంచిలో వేసి పక్కన పెట్టాను. నాకు అలాగే నేర్పారు. ఈ చర్చ చదివాక ఆ సంచులన్నీ తిరిగి విప్పి కూర్చున్నాను. అప్పటికే రెండు తవ్వకాల సంచులు గోదాములో తడిసి పాడైపోయాయి. వాటి గురించి ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక గాట్ల సంగతి. "ఎముక మీద గీత ఉంటే అది కత్తిదని ఎలా తెలుసు" అని పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. చెకుముకి రాతి అంచు ఎముకను కోస్తే సన్నటి, వి ఆకారపు గాడి పడుతుంది. మైక్రోస్కోప్ కింద ఆ గాడి లోపల ఇంకా సన్నటి సమాంతర గీతలు కనిపిస్తాయి, ఎందుకంటే రాతి అంచు బ్లేడులా నున్నగా ఉండదు. మాంసాహార జంతువు పన్ను వేసే గాడి వెడల్పుగా, అడుగున గుండ్రంగా ఉంటుంది. పశువులు తొక్కినప్పుడు గులకరాళ్ళ మీద ఎముక రాసుకుని కూడా గీతలు పడతాయి, అవి అన్ని దిక్కులకూ అడ్డదిడ్డంగా ఉంటాయి. కత్తిగాట్లు మాత్రం పని ఉన్న చోటే ఉంటాయి. కీలు దగ్గర ఉంటే కాలు విడదీశారని, గొట్టం మీద పొడవుగా ఉంటే కండ తీశారని, గిట్టల చుట్టూ, ముట్టె మీద ఉంటే తోలు ఒలిచారని అర్థం. ఒకే ఎముక మీద కత్తిగాటు, పంటిగాటు రెండూ ఉండి, పంటిగాటు కత్తిగాటు మీదుగా పడితే మనిషి ముందు వచ్చాడు, దుమ్ములగొండి తర్వాత వచ్చింది. ఇంత చిన్న విషయంలో అంత పెద్ద జవాబు ఉంటుంది.

ఎముక ఎప్పుడు విరిగిందో కూడా తెలుస్తుంది. పచ్చి ఎముకను రాయితో కొడితే మెలిక తిరిగినట్టు, నున్నటి అంచులతో విరుగుతుంది. దెబ్బ తగిలిన చోట చిన్న గుంట పడుతుంది. ఎండిపోయిన ఎముక ఎండుకర్రలా అడ్డంగా, గరుకుగా విరుగుతుంది. మూలుగ కోసం కొట్టేది సాధారణంగా పచ్చి ఎముకనే.

తర్వాత చనిపోయిన జంతువుల వయసు. పళ్ళ అరుగుదల చూసి వయసు చెప్పొచ్చు. దుమ్ములగొండ్లు, తోడేళ్ళు ఎక్కువగా పట్టేది పిల్లలను, ముసలివాటిని. నియాండర్తల్‌ల ఎముకల కుప్పల్లో చాలా చోట్ల మంచి వయసులో, బలంగా ఉన్న జంతువులే ఎక్కువ. ఇటలీ గుహల మీద పనిచేసిన మేరీ స్టైనర్ ఈ తేడాను లెక్కలతో చూపించారు. ఫ్రాన్స్‌లోని మోరాన్ అనే చోట బైసన్ అనే పెద్ద అడవి పశువుల ఎముకలు దొరికాయి, వందకు పైగా బైసన్‌లవి. తోడేళ్ళ కుప్పలో అంత పెద్ద జంతువులు అన్ని ఒకేచోట ఉండవు.

ఆయుధం నేరుగా దొరికిన చోట్లు తక్కువే, కానీ ఉన్నాయి. సిరియాలోని ఉమ్ ఎల్ త్లెల్‌లో ఒక అడవి గాడిద మెడ ఎముకలో రాతిమొన ముక్క విరిగి ఇరుక్కుని ఉంది. జర్మనీలోని లేరింగెన్‌లో 1948లో ఒక పెద్ద ఏనుగు పక్కటెముకల మధ్య యూ చెట్టు కర్రతో చేసిన ఈటె దొరికింది, పొడవు సుమారు 2.4 మీటర్లు. అదే దేశంలో నాయ్‌మార్క్-నోర్డ్ అనే పాత సరస్సు ఒడ్డున, దాదాపు 1 లక్షా 20 వేల ఏళ్ళ నాటి జింకల ఎముకల్లో గుండ్రటి రంధ్రాలు కనిపించాయి. పరిశోధకులు కొత్తగా కర్ర ఈటెలు చేసి పొడిచి చూశారు. దూరం నుంచి విసిరితే కాదు, దగ్గరికి వెళ్ళి పొడిస్తే సరిగ్గా అలాంటి రంధ్రం పడుతుందని 2018లో ప్రచురించారు. జింకకు ఈటె పొడవంత దూరంలోకి వెళ్ళాలంటే ఎంత ఓపిగ్గా కాపు వేసి ఉండాలో ఆలోచించండి. ఒంటరిగా చేసే పనిలా నాకు అనిపించదు.

ఇక్కడి వరకు వేట నిజమేనని తేలింది. కానీ నా దృష్టిలో ఇంకా గొప్ప విషయం, వాళ్ళు ఏం వదిలేశారు అన్నది.

జర్మనీలోనే జాల్ట్స్‌గిట్టర్-లేబెన్‌స్టెట్ అనే చోట సుమారు 50 వేల ఏళ్ళ నాటి రెయిన్‌డీర్ జింకల ఎముకలు దొరికాయి, కనీసం 86 జింకలవి. శరదృతువులో, మందలు కదిలే సమయంలో చేసిన వేట అది. మూలుగ కోసం ఎముకలు పగలగొట్టారు గాని అన్నిటినీ కాదు. పెద్ద జింకలవి పగలగొట్టారు, పిల్లలవి వదిలేశారు. మూలుగ బాగా ఉండే ఎముకలు ఎంచుకుని, తక్కువ ఉండేవి పక్కన పడేశారు. ఆ రోజుల్లో అక్కడ వేటాడిన మగ జింకలు జత కట్టే కాలానికి ముందు ఒళ్ళంతా కొవ్వు పట్టి ఉంటాయి. ఆకలితో ఏరుకునేవాడు ఇలా ఎంచుకోడు. ఏ జంతువులో, ఏ నెలలో, ఏ ఎముకలో కొవ్వు ఉంటుందో తెలిసినవాడు చేసే పని ఇది.

కొవ్వు ఎందుకంత ముఖ్యం? ఈరోజు మనం కొవ్వు తగ్గించాలని చూస్తున్నాం కాబట్టి ఇది పిల్లలకు వింతగా ఉంటుంది. చలిదేశంలో చలికాలం చివర జంతువులు బక్కచిక్కి ఉంటాయి. కొవ్వు లేని ఒట్టి మాంసమే రోజులకొద్దీ తింటే మనిషి కాలేయం అంత ప్రొటీన్‌ను తట్టుకోలేదు. కడుపు నిండినా నీరసం, విరేచనాలు వచ్చి మనిషి చిక్కిపోతాడు. ఉత్తర అమెరికాలో కుందేళ్ళు మాత్రమే తిని బతకాల్సి వచ్చినవాళ్ళకు ఇలా జరిగిందని పాత ప్రయాణికులు రాశారు. జాన్ స్పెత్ అనే శాస్త్రవేత్త ఈ విషయాన్ని దశాబ్దాలుగా చెబుతూ వచ్చారు. కాబట్టి మాంసం దొరకడం ఒక్కటే చాలదు, దానితోపాటు కొవ్వో, పిండిపదార్థమో ఉండాలి.

ఇది మనసులో ఉంచుకుని నాయ్‌మార్క్-నోర్డ్‌కు తిరిగి వద్దాం. 2025లో అక్కడి నుంచి వచ్చిన ఫలితం చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1 లక్షా 25 వేల ఏళ్ళ క్రితం ఆ సరస్సు ఒడ్డున ఒక చిన్న జాగాలో కనీసం 172 పెద్ద జంతువుల ఎముకలను తెచ్చి కుప్ప వేశారు. గుర్రాలు, జింకలు, ఆరాక్స్ అనే అడవి ఎద్దులు. ముందు మూలుగ తీశారు. తర్వాత జిడ్డు ఎక్కువగా ఉండే ఎముకలను చిన్న చిన్న ముక్కలుగా నలగగొట్టారు. నీళ్ళలో వేసి వేడి చేసి పైకి తేలిన కొవ్వు తీసుకోవడానికే ఆ శ్రమంతా అని పరిశోధకులు వివరించారు. పాయా వండేవాళ్ళకు ఇందులో ఆశ్చర్యం ఉండదు. ఎముక ఎంత చిన్న ముక్కలైతే అంత జిడ్డు దిగుతుంది, గంటల తరబడి ఉడకాలి. అయితే వాళ్ళకు కుండ లేదు. తోలు సంచిలోనో, చెట్టు బెరడు దొన్నెలోనో నీళ్ళు పోసి కాచి ఉండాలి. ఎముకలు ఒకచోట పోగు చేసి, పనికి సమయం కేటాయించి చేశారంటే, రేపటి గురించి ఆలోచించినట్టే కదా.

మీరు చదివిన ఏనుగుల వార్త కూడా ఆ చోటిదే. అక్కడ 70కి పైగా పెద్ద ఏనుగుల ఎముకలు దొరికాయి. ఇవి మన ఏనుగుల కన్నా చాలా పెద్దవి, మగవి 13 టన్నుల దాకా ఉండేవి. ఎముకల నిండా కత్తిగాట్లు ఉన్నాయి, మాంసాహార జంతువుల పంటిగాట్లు మాత్రం చాలా తక్కువ. అంటే వాటికి మిగిలింది ఏమీ లేదు. చచ్చినవి ఎక్కువగా పెద్ద మగ ఏనుగులు. మగవి మందలో ఉండవు, ఒంటరిగా తిరుగుతాయి, కాబట్టి వాటిని పట్టడం మంద మీద పడటం కన్నా తేలిక. 2023లో ఇది ప్రచురించినవాళ్ళ లెక్క ప్రకారం 10 టన్నుల ఏనుగు నుంచి దాదాపు 2,500 మందికి ఒక రోజుకు సరిపడే తిండి వస్తుంది. నియాండర్తల్‌లు పదిమంది, పాతికమంది గుంపులుగా తిరిగేవాళ్ళని అనుకుంటూ వచ్చాం. అంత మాంసం పాడవకుండా ఏం చేశారు? ఎండబెట్టి, పొగబెట్టి దాచారా, లేక అప్పుడప్పుడు చాలా గుంపులు ఒకచోట కలిసేవా? రెండింటిలో ఏదైనా వాళ్ళ బతుకు మనం అనుకున్నదానికన్నా పెద్దదే. నాకు రెండోదే ఎక్కువ నచ్చుతుంది, కానీ అది నా ఇష్టం మాత్రమే.

అన్ని ఎముకల కుప్పలూ ఇంత గొప్ప కథే చెబుతాయని అనుకోవద్దు. జెర్సీ ద్వీపంలోని లా కోట్ అనే చోట మామత్‌లనే పాతకాలపు ఏనుగుల, ఉన్ని ఖడ్గమృగాల ఎముకల కుప్పలు ఉన్నాయి. మందను తరిమి కొండ అంచు నుంచి తోసేశారని 1980లో వివరించారు, బొమ్మలు కూడా వేశారు. తర్వాత ఆ కొండ పైభాగాన్ని, ఇప్పుడు సముద్రం కింద ఉన్న నేలను కొలిచి చూస్తే, అక్కడ మందను పరుగెత్తించడం కుదరదని 2014లో రాశారు. ఎముకలు సరే, కథ మారింది.

ఇటలీలోని గ్వత్తారి గుహ ఇంకా మంచి పాఠం. 1939లో అక్కడ ఒక నియాండర్తల్ పుర్రె దొరికింది, అడుగున రంధ్రం పెద్దదై ఉంది. రాళ్ళ వలయం మధ్యలో ఉందని, నరబలి చేసి మెదడు తిన్న గుర్తు అని రాశారు. యాభై ఏళ్ళ పాటు పాఠ్యపుస్తకాల్లో అదే ఉంది. తర్వాత పుర్రెను మళ్ళీ పరీక్షిస్తే ఒక్క కత్తిగాటు లేదు, దుమ్ములగొండి కొరికిన గుర్తులు ఉన్నాయి. ఆ గుహ దుమ్ములగొండ్ల గుహ. 2021లో అదే గుహ నుంచి మరో తొమ్మిది మంది నియాండర్తల్‌ల ఎముకలు బయటపడ్డాయి, అవీ దుమ్ములగొండ్లు లాక్కొచ్చినవే. అలాగని ఒకరినొకరు తినలేదనీ కాదు. ఫ్రాన్స్‌లోని మూలా-గెర్సీ గుహలో ఆరుగురు నియాండర్తల్‌ల ఎముకలను పక్కనే ఉన్న జింక ఎముకల లాగానే కోసి, పగలగొట్టారు. అక్కడ గాట్లు రాతికత్తివే. రెండు గుహల్లోనూ అడిగింది ఒకటే ప్రశ్న, జవాబులు వేరు.

చిన్న జంతువుల విషయం త్వరగా చెబుతాను. జిబ్రాల్టర్ గుహల్లో పావురాల, సీల్ అనే సముద్రపు జంతువుల ఎముకలు గాట్లతో ఉన్నాయి, ఆల్చిప్పలూ ఉన్నాయి. పోర్చుగల్ తీరంలో కాల్చిన పీతల పెంకులు దొరికాయి. స్పెయిన్‌లోని బోలొమోర్ గుహలో కుందేళ్ళు, తాబేళ్ళు తిన్నారు. వీటిలో తాబేలు మీద కొంచెం ఆగాలి. తాబేలు పరుగెత్తదు, ఎవరైనా పట్టుకోవచ్చు, కానీ చాలా నెమ్మదిగా పెరుగుతుంది. మనుషులు ఎక్కువై రోజూ పట్టేస్తే పెద్దవి అయిపోయి చిన్నవే మిగులుతాయి. ఇటలీ, ఇజ్రాయెల్ గుహల్లో నియాండర్తల్ కాలపు పొరల్లో తాబేళ్ళు పెద్దవిగా ఉన్నాయి, ఆ తర్వాతి కాలపు పొరల్లో చిన్నవయ్యాయి. స్టైనర్, ఆమె సహచరులు దీన్నిబట్టి నియాండర్తల్ కాలంలో జనాభా చాలా తక్కువగా ఉండేదని చెప్పారు. తాబేలు ఎముక కొలిచి మనుషుల్ని లెక్కపెట్టడం! ఈ పనిలో నాకు ఇంత నచ్చిన ఆలోచన మరొకటి లేదు.

"మాంసం ఒక్కటేనా" అని కూడా అడిగారు. ఇది జంతువుల ఎముకలతో తేలే ప్రశ్న కాదు. ఎముకలు మిగులుతాయి, దుంపలు మిగలవు, అందుకని మన కళ్ళకు ఎప్పుడూ మాంసమే ఎక్కువగా కనిపిస్తుంది. నియాండర్తల్‌ల సొంత ఎముకల్లోని నైట్రోజన్ ఐసోటోపులు, అంటే మాంసం ఎక్కువ తింటే పెరిగే బరువైన రకం నైట్రోజన్, కొలిస్తే తోడేళ్ళతో సమానంగానో, ఇంకా ఎక్కువగానో వచ్చింది. దాంతో చాలాకాలం వాళ్ళు పూర్తి మాంసాహారులనే అన్నారు. 2025లో స్పెత్, మరో ఇద్దరు కలిసి ఇంకో వివరణ ఇచ్చారు. దాచిన మాంసానికి పట్టే పురుగుల్లో ఆ నైట్రోజన్ చాలా ఎక్కువ, పురుగులు పట్టిన మాంసం తిన్నా ఆ లెక్క పెరుగుతుంది అని. పిల్లలు ముఖం చిట్లిస్తారు గాని, పురుగుల్లో కొవ్వు కూడా ఉంది, కాబట్టి నాకు ఇది ఆలోచించాల్సిన మాటే. ఇక ఇరాక్‌లోని షానిదార్ గుహలో మనుషుల పళ్ళకు పట్టిన గారలో ఉడికిన గింజల పిండి రేణువులు, మాడిపోయిన తిండి ముక్కల్లో పప్పుజాతి గింజలు దొరికాయి. కాబట్టి ఒట్టి మాంసమే అని రాసిన పుస్తకాన్ని నమ్మవద్దు.

ఇప్పటి పద్ధతుల్లో ఒకటి చెప్పి ముగించాలి, ఎందుకంటే నా పాత "గుర్తుపట్టలేనివి" సంచికి అది జవాబు. ఎముకలో కొల్లాజెన్ అనే ప్రొటీన్ ఉంటుంది. ఒక్కో రకం జంతువుకు అది కాస్త వేరుగా ఉంటుంది కాబట్టి గోరంత ముక్క ఉన్నా అది ఏ జంతువుదో చెప్పొచ్చు. సైబీరియాలోని డెనిసోవా గుహలో రెండు వేలకు పైగా చిన్న ముక్కల్ని ఇలా పరీక్షిస్తుంటే ఒకటి మనిషిదని తేలింది. దాని డీఎన్ఏ చూస్తే, తల్లి నియాండర్తల్, తండ్రి డెనిసోవన్ (ఆ గుహ పేరుతోనే పిలిచే మరో పాత మనిషి జాతి) అయిన ఒక అమ్మాయిది. ఫ్రాన్స్‌లో నియాండర్తల్‌లు తోలును నున్నగా చేసుకోవడానికి వాడిన ఎముక పనిముట్లు కొన్ని దొరికాయి. వాటిని గీకకుండా, వాటిని దాచిన ప్లాస్టిక్ డబ్బాలకు అంటిన కొల్లాజెన్‌తోనే 2020లో పరీక్షించారు. ఆ పొరల్లో రెయిన్‌డీర్ ఎముకలే ఎక్కువ ఉన్నా, పనిముట్లకు మాత్రం బైసన్ లాంటి పెద్ద పశువుల పక్కటెముకలనే ఎంచుకున్నారని తెలిసింది. గట్టిగా, మందంగా ఉంటాయి కదా.

ఎంపికలోనే కాదు, కోతలోనూ ఇళ్ళవారీగా అలవాట్లు ఉన్నట్టున్నాయి. ఇజ్రాయెల్‌లోని అముద్, కెబారా గుహలు దగ్గర దగ్గరే. అదే కాలం, అవే పనిముట్లు, అవే జింకలు. అయినా అముద్‌లో గాట్లు దట్టంగా, ఒకదానిమీద ఒకటి, వంకరగా ఉన్నాయి, కెబారాలో నేరుగా ఉన్నాయి. కత్తికి పదును తేడానో, చేతి నేర్పు తేడానో మాత్రమే దీనికి కారణం కాదని 2025లో ఆ ఎముకలు చూసినవాళ్ళు తేల్చారు. మాంసాన్ని కొయ్యడానికి ముందు ఎండబెట్టారో, లేక పెద్దవాళ్ళ నుంచి అలా నేర్చుకున్నారో. మా అమ్మమ్మ ఇంట్లో మాంసం కోసే తీరు, మా నాయనమ్మ ఇంటి తీరు వేరుగా ఉండేవి. అది గుర్తొచ్చింది.

మన దగ్గర కూడా ఈ ప్రశ్న ఉంది. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో 1884లో బ్రిటిష్ భూవిజ్ఞాన శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వి జంతువుల ఎముకలు ఎన్నో తీశారు, వాటిలో కొన్నిటిని మనుషులు చేసిన పనిముట్లుగా గుర్తించారు. అవి నియాండర్తల్‌లవి కావు. కానీ గుహలోకి ఎముకను తెచ్చింది మనిషా, ముళ్ళపందా, దుమ్ములగొండా అని అక్కడా అడగాల్సిందే.

పిల్లలకు చెప్పడం కన్నా చేయించడం మేలు. మాంసం కొట్టులో కొట్టని మేక కాలి నల్లి ఎముకలు ఆరేడు తీసుకోండి. రెండింటిని పచ్చిగా ఉండగానే మీరు రాయి మీద పెట్టి రాయితో పగలగొట్టండి, పిల్లలు దూరంగా నిలబడాలి, కళ్ళకు అద్దాలు ఉండాలి. రెండింటిని ఉడకబెట్టి శుభ్రం చేసి రెండు నెలలు ఎండలో ఉంచి తర్వాత పగలగొట్టండి. ఒకదాని మీద పలుగురాతి పెచ్చుతో పది గాట్లు పెట్టండి, ఒకదాన్ని గులకరాళ్ళలో వేసి చెప్పుకాలితో బాగా తొక్కండి, వీలైతే ఒకటి మీ వీధి కుక్కకు ఒక పూట ఇచ్చి తెచ్చుకోండి. అన్నీ బాగా ఉడకబెట్టి, కడిగి ఆరబెట్టి, ఒక్కోదాని మీద నంబరు వేసి కలిపేయండి. పదిరెట్లు పెద్దగా చూపించే భూతద్దం చాలు. ఏ గాటు ఎవరిదో పక్క సెక్షన్ పిల్లలను చెప్పమనండి, ఎందుకు అలా అనుకున్నారో రాయమనండి. జవాబుల చీటీ ఆఖరు దాకా మీ జేబులోనే ఉంచండి.